నెలన్నర డాక్టరు

నేను నర్సుగా చేరిన మొదటి ఆసుపత్రిలో డాక్టరు తప్ప అన్నీ ఉండేవి. ఎనిమిది ఇనుప మంచాలు, గోడ నిండా మందు సీసాలు, సిరంజిలు ఉడకబెట్టడానికి కిరసనాయిలు స్టవ్వు, డాక్టరు కూర్చోవడానికి చేతుల కుర్చీ. ఆ కుర్చీ మీద దుమ్ము దులపడం నా రోజువారీ పనుల్లో ఒకటి.

ఉరవకొండ దాటి బళ్ళారి వైపు పోయే దారిలో ఉండేది ఆ ఊరు. వానలు సరిగా పడక మూడేళ్ళయింది. వేసిన వేరుశనగ, మా వైపు బుడ్డలంటాం, నేలలోనే మాడిపోయేది. అరవై ఒకటో, అరవై రెండో సంవత్సరం. ఆ ఊరికి వేసిన ప్రతి డాక్టరూ ఉత్తర్వు అందగానే ముందు మ్యాపు చూసేవాడు. తర్వాత తనకు తెలిసిన పెద్దమనుషులను చూసేవాడు. ఆ తర్వాత కర్నూలులోనో కడపలోనో తేలేవాడు.

నాకప్పుడు ఇరవై రెండేళ్ళు. మాది గుత్తి దగ్గర పల్లె. నాయన రాళ్ళు కొట్టే కూలి. మిషన్ ఆసుపత్రిలో చదువు చెప్పించి, తెల్లచీర కట్టించి, నన్ను గవర్నమెంటు ఉద్యోగంలోకి పంపించినప్పుడు ఆయన ఊరంతా తిరిగి చెప్పుకున్నాడు. నేను చాలా తెలివైనదాన్నని నాకు గట్టి నమ్మకం. ఆ నమ్మకం చేసిన పనే ఇదంతా.

కాంపౌండరు సాయిబు, యాభై దాటిన మనిషి. నేను ఆయన్ని చాచా అని పిలిచేదాన్ని. ముప్పై ఏళ్ళ సర్వీసులో తాను చదవలేని డాక్టరు రాత ఈ భూమ్మీద లేదని చాచా గర్వం. "డాక్టరు పెన్ను ఎత్తేలోపల నాకు మందు తెలిసిపోతాది బేటీ" అనేవాడు. ఇక ఆయా. నాకంటే పదేళ్ళు పెద్దది. అక్కా అనేదాన్ని. ఆమె గొంతెత్తితే బస్టాండులో కూలీలు మూటలు దించేసి చూసేవాళ్ళు.

డాక్టరును పంపించండి మహాప్రభో అని జిల్లా వైద్యాధికారికి మేము నెలకు రెండు ఉత్తరాలు రాసేవాళ్ళం. చాచా చెప్పేవాడు, నేను రాసేదాన్ని. రాసి రాసి నా ఇంగ్లీషు బాగుపడింది గాని డాక్టరు రాలేదు. చివరికి ఒకరోజు జవాబు వచ్చింది. ఒక డాక్టరును నియమించామనీ, త్వరలో వచ్చి చేరతాడనీ. ఆ కాగితం నేను చదివి మడిచేలోగా ఊరికంతా తెలిసిపోయింది, ఎందుకంటే చదివేటప్పుడు అక్క పక్కనే ఉంది.

రోజూ బస్సు వేళకు దండతో నిలబడ్డాం. మొదటి రెండు రోజులూ కనకాంబరాలు దొరికాయి. మూడో రోజు నుంచి ఆ కరువులో పూలెక్కడివి? అయిదో రోజు అక్క తంగేడు పూలు కోసుకొచ్చి ఇంత లావు దండ కట్టింది. ఆ రోజు రాయదుర్గం బస్సులోంచి ఒక మనిషి దిగాడు. తెల్లకోటు, మెడలో స్టెతస్కోపు, చేతిలో రేకుపెట్టె. ముప్పై అయిదేళ్ళుంటాయి. వెనక్కి దువ్విన జుట్టు, పొడగరి. రెండో కాలు నేల మీద పెట్టేలోపు దండ ఆయన మెడలో పడింది.

ఆయన బిత్తరపోయి చూశాడు. నమస్కారం పెట్టబోయి ఒక చెయ్యి మళ్ళీ పొట్ట మీదికే పోయింది. ఎంత వినయమో అనుకున్నాం.

"ఇన్నాళ్ళకు మా మీద దయ కలిగింది సార్" అన్నాడు చాచా.

"నేను..." అన్నాడాయన.

"తెలుసు సార్, తెలుసు" అని చాచా రేకుపెట్టె అందుకున్నాడు. ఇంకెవరో గొడుగు పట్టారు. ఎవరో జై అన్నారు. ఆసుపత్రి దాకా ఆయన నడవలేదు, మేము నడిపించాం. చేతుల కుర్చీలో కూర్చోబెట్టాక ఆయన మా అందరి మొహాలూ ఒకసారి కలయజూసి, గొంతు సవరించుకుని అడిగిన మొదటి మాట: "ఈడ భోజనం యాడ దొరుకుతుంది?"

డాబు లేని మనిషి అని మురిసిపోయాం. అక్క రాగిసంగటి, బుడ్డల పచ్చడి ఊరుబిండి తెచ్చింది. మూడు ముద్దలు తిన్నాడు. మూడో ముద్ద సగంలో ఉండగా మొహంలోకి రంగు వచ్చింది.

మర్నాడు పొద్దున అరవై మంది జనం. మొదట వచ్చింది మోకాళ్ళ నొప్పుల ముసలాయన. కొత్త డాక్టరు అతన్ని ఎదురుగా కూర్చోబెట్టుకుని, "చెప్పు పెద్దాయనా" అన్నాడు. ముసలాయన మోకాలుతో మొదలుపెట్టి, కోడలి దగ్గరికి వచ్చి, ఎద్దును అమ్ముకున్న సంగతి దాకా పోయాడు. డాక్టరు ఒక్కసారి కూడా అడ్డం రాలేదు. అంతా విని, గంభీరంగా నా వైపు తిరిగి అన్నాడు. "సిస్టర్, మీరేమంటారు?"

నేను నిలువునా పొంగిపోయాను. మిషన్ ఆసుపత్రిలో నాలుగేళ్ళు డాక్టర్ల వెనకాల ట్రే పట్టుకుని తిరిగినా ఏ డాక్టరూ నన్ను ఆ మాట అడగలేదు. "కీళ్ళవాతం అనుకుంటా సార్" అన్నాను.

"నేనూ అదే అనుకున్నా" అన్నాడు.

ఆ నెలన్నరలో ఆయన ఎప్పుడూ అదే అనుకున్నాడు. నా తెలివితో ఏకీభవించే డాక్టరు దొరికాడని నేను నాయనకు ఉత్తరం కూడా రాశాను.

రోగి చెప్పింది విన్నాక చీటీ రాసేవాడు. గబగబా, గొలుసుకట్టుగా, కాగితం నిండా. మొదటి చీటీ అందుకున్న చాచాను నేను కిటికీలోంచి చూశాను. చీటీని దగ్గర పెట్టుకున్నాడు, దూరం పెట్టుకున్నాడు, వెలుతురులో పట్టి చూశాడు. తర్వాత నా వైపు తిరిగి "పెద్ద చదువు బేటీ, శానా పెద్ద చదువు" అన్నాడు. ఒక్క అక్షరమూ తనకు అర్థం కాలేదని ఒప్పుకోవడానికి ఆయనకు ముప్పై ఏళ్ళ సర్వీసు అడ్డం వచ్చింది. అందుకని మందు కిటికీ దగ్గర గొంతు తగ్గించి రోగినే అడిగేవాడట. "ఏమప్పా, నీకేం నొప్పి?" అతను చెప్పేవాడు. చాచా తనకు తెలిసిన మందు సీసాలో పోసిచ్చేవాడు. ఈ సంగతి ఆయన అప్పుడు నాకు చెప్పలేదు. చెప్పి ఉంటే కథ ఆ వారమే ముగిసేది.

అలా రోగమేమిటో నేను చెబుతున్నాను, మందు చాచా ఇస్తున్నాడు, మధ్యలో కూర్చుని ఆయన వింటున్నాడు. జనానికి మాత్రం బాగా నయమైపోతోంది! హస్తవాసి అన్నారు. వారం తిరగకముందే గుమ్మఘట్ట వైపు నుంచి కూడా బండ్లు కట్టుకుని వచ్చారు. వాళ్ళతో కన్నడంలో మాట్లాడేవాడు. మేము ఇంకా పొంగిపోయాం.

అనుమానం రావలసిన చోట్లు లేకపోలేదు. ఒకరోజు ఒకామె మోకాలికి స్టెతస్కోపు ఆనించి, కళ్ళు మూసుకుని చాలాసేపు విన్నాడు.

"సార్, అది మోకాలు" అన్నాను.

"వాతం శబ్దం చేస్తుంది సిస్టర్. మనసు పెట్టి వింటే తెలుస్తుంది."

నేను ఆ మాట నోటుబుక్కులో రాసుకున్నాను. మోకాలి బొమ్మ వేసి మరీ రాసుకున్నాను.

నేను సూది తీసినప్పుడల్లా ఆయన లేచి కిటికీ దగ్గరికి పోయి ఆకాశం చూసేవాడు. "మేఘమేమన్నా పట్టిందేమో చూద్దాం" అనేవాడు. ఆ మూడేళ్ళుగా ఆ తాలూకాలో అందరూ ఆకాశమే చూస్తున్నారు కనక అది ఎవరికీ వింతగా తోచలేదు.

ఒకటి మాత్రం చెప్పాలి. ప్రాణం మీదికి వచ్చిన కేసును ఆయన ఒక్క క్షణం కూడా మా దగ్గర ఉంచుకోలేదు. పాము కాటైనా, లోపలి నొప్పైనా "ఇది పెద్దాసుపత్రి పని" అని తానే పరిగెత్తి బస్సు ఆపించేవాడు. ఒక మధ్యాహ్నం అడ్డం తిరిగిన కాన్పు వచ్చింది. అనంతపురం దాకా పోయే వ్యవధి లేదు. నేను ఆయన వైపు తిరిగాను. ఆయన గుమ్మం దగ్గర నిలబడి, "సిస్టర్, మీకు తెలుసు. ఈ పని మీదే" అన్నాడు. బయటికి పోయి, ఏడుస్తున్న మొగుణ్ణి కూర్చోబెట్టి రెండు గంటల పాటు ఏవో కథలు చెప్పాడు. లోపల నేను బిడ్డను తిప్పుతుంటే బయటి నుంచి ఆ మొగుడి నవ్వు వినిపించింది. బిడ్డ ఏడ్చింది. తల్లి దక్కింది. నేను చేతులు కడుక్కుని బయటికి వస్తే ఆయన కళ్ళు తుడుచుకుంటున్నాడు.

నాలుగో నంబరు మంచం మీద ఒక అవ్వ ఉండేది. గొర్రెల కాపర్ల ఇంటిది. కాలి పుండు మానక చేరింది. రోజూ మధ్యాహ్నం ఆయన ఆమె మంచం పక్కన కూర్చుని గొర్రెల సంగతులు వినేవాడు. ఏ గొర్రె ఎన్ని పిల్లలు వేసింది, ఏది తోడేలు నోట్లో పడింది, అన్నీ. "నా కొడుకులు గూడా ఇంతసేపు కూచోరు నర్సమ్మా" అనేది అవ్వ. "ఈయప్ప తల్లి యాడుండాదో గాని, బంగారం కన్నాది."

ఈ సంతోషంలో మేము ఒక పని మానేశాం. పై అధికారికి ఉత్తరాలు రాయడం.

ఆ రోజు పొద్దున పదింటికి అక్క వరండాలోంచి కేక పెట్టింది. "జీపు! పెద్దడాక్టరు జీపు వస్తాండాది!"

వాకిట్లోకి చూస్తే ఎర్రటి దుమ్ము లేచింది. నేను కొంగు సర్దుకున్నాను. చాచా టోపీ సరిచేసుకున్నాడు. మా డాక్టరు ఎక్కడున్నాడో ఎవరూ చూడలేదు.

జిల్లా వైద్యాధికారి సర్కారు జిల్లాల, అంటే కోస్తా వైపు మనిషి. లావుపాటి ఒళ్ళు, సన్నటి కళ్ళజోడు. దిగుతూనే అన్నాడు. "ఏవండీ, మీరంతా బతికే ఉన్నారా? నెలకు రెండు ఉత్తరాలు రాసేవాళ్ళు. నెలన్నరగా ఒక్కటీ లేదు. ఊరు ఊరంతా పోయిందేమోనని చూడ్డానికొచ్చాను."

"ఉత్తరాలెందుకు సార్" అన్నాడు చాచా నవ్వుతూ, "డాక్టరొచ్చినాడు గదా!"

"ఏ డాక్టరు?"

"మీరు పంపించిన డాక్టరే సార్."

"నేను పంపిన డాక్టరు నంద్యాలలో ఉన్నాడు. బదిలీ రద్దు చేయించుకున్నాడు. నిన్ననే అతని పెళ్ళి శుభలేఖ అందింది నాకు."

చాచా చేతిలో ఉన్న సీసా మూత కింద పడి దొర్లుకుంటూ పోయింది. నాకు ముందు గుర్తొచ్చింది నోటుబుక్కులో మోకాలి బొమ్మ.

"చేరినప్పుడు ఆర్డరు కాగితం చూశారా?" అన్నాడు పెద్దడాక్టరు.

చాచా తల వంచుకుని, చాలా మర్యాదగా చెప్పాడు. "సార్, మూడేండ్లు కాగితాలు చూసినాం, డాక్టరు రాలేదు. ఈతూరి డాక్టరొచ్చినాడని కాగితం చూడలేదు సార్."

వెతుకులాట మొదలైంది. డాక్టరు గదిలో లేడు. మందుల గదిలో లేడు. అక్క నీళ్ళ తొట్టిలోకి కూడా వంగి చూసింది. "ఎక్కడికి పోతాడు, రెండు గంటల దాకా బస్సు లేదుగా" అన్నాడు పెద్దడాక్టరు. "ముందు పేషెంట్లను చూద్దాం పదండి."

వార్డులోకి వెళ్ళాం. అయిదో నంబరు మంచం పొద్దున ఖాళీగా ఉండింది. ఇప్పుడు దాని మీద ఎవరో నిండా దుప్పటి కప్పుకుని మూలుగుతున్నారు. పాదాలు మాత్రం బయటికి వచ్చాయి. ఆ ఊళ్ళో సాక్సులు వేసుకునే మనిషి ఒక్కడే. ఆ పాదాలకు చీలమండల పైన సాక్సుల గీతలున్నాయి.

"ఈ కేసేమిటమ్మా?" అన్నాడు పెద్దడాక్టరు.

"కడుపునొప్పి సార్. ఇప్పుడే చేరినాడు" అన్నాను.

ఎందుకు అన్నానో నాకు ఇప్పటికీ తెలియదు. పరువు పోతుందని కావచ్చు. ఆయన మీద జాలి కావచ్చు. అప్పటికే లోపల పుట్టిన నవ్వూ కావచ్చు.

పెద్దడాక్టరు దుప్పటి లాగాడు. మా డాక్టరు కోటు విప్పేసి, తలకు తువ్వాలు చుట్టుకుని, చేలోంచి వచ్చిన రైతు మాదిరి పడుకుని ఉన్నాడు. పక్క మంచం మీద అవ్వ కళ్ళింత చేసుకుని చూస్తోంది. ఆమెకేసి ఆయన పెదవుల మీద వేలు పెట్టి సైగ చేశాడు.

"ఎక్కడయ్యా నొప్పి?"

"మొదట బొడ్డు కాడ మొదలైంది సార్. మళ్ళ కుడిపక్కకు దిగె. రెండుసార్లు కక్కినా. కాలు సాపలేను, దగ్గితే పోటు."

నేను గతుక్కుమన్నాను. మూడు వారాల కింద మేము అనంతపురం పంపించిన ఒక బడిపంతులు చెప్పిన మాటలవి. ముక్క పొల్లుపోలేదు. ఆయన విన్నది మరిచిపోయే మనిషి కాదు. ఆ పంతులుకు ఏం జబ్బో మాత్రం ఆయన అడిగి తెలుసుకోలేదు.

పెద్దడాక్టరు మొహం వెలిగిపోయింది. పొట్ట మీద నొక్కాడు. "అబ్బా" అన్నాడు మా డాక్టరు. ఇంకోచోట నొక్కాడు. "అబ్బబ్బా" అన్నాడు. ఎక్కడ నొక్కితే ఎంత అరవాలో తెలియక అన్నిచోట్లా సమానంగా అరిచాడు.

"అపెండిసైటిస్! పగలడానికి సిద్ధంగా ఉంది!" అన్నాడు పెద్దడాక్టరు. "అనంతపురం దాకా ఆగదు. ఇక్కడే, ఇప్పుడే కోసేద్దాం. రెండేళ్ళయిందమ్మా నేను కత్తి పట్టి. పొద్దున లేస్తే సంతకాలు, సంతకాలు! పెట్టె జీపులోనే ఉంది." అప్పుడే చొక్కా చేతులు పైకి మడుస్తున్నాడు. "నీళ్ళు కాగబెట్టు. క్లోరోఫారం ఉందా?"

"ఉండాది సార్" అన్నాడు చాచా. ఆయనకు కూడా అప్పటికి అర్థమైపోయింది. మొహం మాత్రం రాయి మాదిరి పెట్టాడు. "పాతది. పని చేస్తాదో లేదో."

"చెయ్యకపోతే నలుగురు పట్టుకుంటారు."

పెద్దడాక్టరు పెట్టె కోసం బయటికి నడిచాడు. మంచం మీది నుంచి సన్నటి గొంతు వచ్చింది. "సిస్టర్... సిస్టర్, మీరేమంటారు?"

"పండుకోండి సార్. కదిలితే పగులుతాదంట" అన్నాను.

పాపమని ఇప్పుడు అనిపిస్తుంది. ఆ పూట అనిపించలేదు. స్టవ్వు వెలిగించాను. అక్క వరండాలో మంగలి కత్తి సాన పడుతుంటే ఆ చప్పుడు వార్డంతా వినిపించింది. చాచా సబ్బు నురగ గిన్నెతో వచ్చి, ఆయన పొట్ట మీద చొక్కా పైకి జరిపి, "కొంచెం సల్లగుంటాది సార్" అని పూయడం మొదలుపెట్టాడు. మా డాక్టరు పై కప్పు చూస్తూ నోట్లో ఏదో దేవుణ్ణి తలుచుకున్నాడు.

పెద్దడాక్టరు కత్తుల పెట్టెతో లోపలికి వచ్చాడు. అంతే, నాలుగో నంబరు మంచం మీది అవ్వ పుండు కాలితోనే దిగి, మధ్యలో అడ్డం నిలబడింది.

"కొయ్యొద్దు సామీ! నీ కాళ్ళు మొక్కుతా! ఆయప్పకు ఏ నొప్పీ ల్యాదు! పొద్దున్నే నా ఎదురుగానే నాలుగు రొట్టెలు తిన్యాడు. ఆయప్ప మా డాక్టరు సామీ!"

పెద్దడాక్టరు అవ్వను చూశాడు. మంచం మీది మనిషిని చూశాడు. నన్ను చూశాడు. నేను గోడ వైపు తిరిగి నిలబడ్డాను. నా భుజాలు ఎగురుతున్నాయి, ఎంత బిగబట్టినా ఆగడం లేదు.

"ఓహో, డాక్టరుగారా!" అన్నాడు పెద్దడాక్టరు నెమ్మదిగా మంచం అంచున కూర్చుంటూ. "మంచిదైంది, మనలో మనకు దాపరికమెందుకు. చెప్పండి డాక్టరుగారూ. అపెండిక్స్ కుడివైపు ఉంటుందా, ఎడమవైపు ఉంటుందా?"

మా డాక్టరు సబ్బు నురగ పొట్టతో లేచి కూర్చున్నాడు. కుడివైపు చూసుకున్నాడు, ఎడమవైపు చూసుకున్నాడు. తర్వాత రెండు చేతులూ జోడించాడు.

"ఏ పక్కుంటాదో నాకు తెలీదు సార్. ఏ పక్కనున్నా, నాది నాకు కావాల."

మొదట నవ్వింది చాచా. తర్వాత అక్క. ఆమె నవ్వితే కిటికీ రెక్కలు అదిరేవి. ఏడో నంబరు మంచం మీద పక్కటెముక విరిగినతను నొప్పికి ఏడుస్తూ నవ్వుతూ "నవ్వించొద్దప్పా, చస్తాండా" అని అరిచాడు. పెద్దడాక్టరు కత్తుల పెట్టె మూసి దాని మీద తల పెట్టుకున్నాడు. కాసేపటికి ఎత్తితే కళ్ళజోడు ఆవిరి పట్టి ఉంది.

అప్పుడు నిజం చెప్పాడాయన. నాటకాల కంపెనీలో వేషాలు వేసేవాడు. కరువులో చూసే జనం లేక కంపెనీ రాయదుర్గం దగ్గర చెదిరిపోయింది. ఎవరి వేషాలు వాళ్ళు తీసుకుని పోయారు. ఈయన వాటాకు డాక్టరు వేషం వచ్చింది. సొంత చొక్కా చినిగిపోయి ఉంటే ఆ కోటే తొడుక్కుని బస్సెక్కాడు. మూడు రోజులుగా సరిగ్గా తిండి లేక కడుపునొప్పి పట్టుకుంది.

"ఈ ఊర్లో ఆసుపత్రి ఉండాదంటే మందు తీసుకుందామని దిగినా సార్. దిగీ దిగకముందే దండేసిరి. దండేసినాక నేను పేషెంటునని యట్ల చెప్పేది? ఒక్క పూట తిని పోదామనుకున్యా. మర్నాడు పొద్దున లేస్తే వాకిట్లో అరవై మంది. అందరూ నాకు మొక్కుతాండారు. నాటకంలో గూడా నాకెవరూ అట్ల మొక్కలేదు సార్."

పెద్దడాక్టరు నవ్వు ఆపుకుని రిజిస్టరు తెమ్మన్నాడు. మరణాల పేజీ చూశాడు. ఏమీ లేదు. ఇంకోసారి చూశాడు. తర్వాత మందుల చీటీల కట్ట తెమ్మన్నాడు. చాచా బిక్కచచ్చిపోయి తెచ్చిచ్చాడు. పెద్దడాక్టరు ఒక చీటీ తీసి, కళ్ళజోడు తుడుచుకుని, పైకి చదివాడు.

"మోకాళ్ళు నొప్పి. కోడలు అన్నం సరిగా పెట్టదంట. ఎద్దును అమ్మినప్పటి నుంచి నిద్ర లేదంట."

అది ఇంగ్లీషు కాదు. గొలుసుకట్టు తెలుగు. ఇంగ్లీషే అయి ఉంటుందని ముందే అనుకోవడం వల్ల చాచాకు నెలన్నర పాటు ఒక్క ముక్కా అంతు పట్టలేదు. ఇంకో చీటీ: "రాత్రిళ్ళు దగ్గు. మొగుడు బళ్ళారి పోయి రాలేదు." ఇంకోటి: "కడుపులో గుడుగుడు. ఆకలి అని అడగడానికి సిగ్గు." చదువుతూ చదువుతూ పెద్దడాక్టరు గొంతు తగ్గింది. నాలుగైదు చీటీల తర్వాత మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"నవ్వించావు సరే. అయినా ఇది నేరమయ్యా" అన్నాడు. "ఒక్క ప్రాణం పోయి ఉంటే నేనిలా మాట్లాడేవాణ్ణి కాదు."

"తెలుసు సార్" అన్నాడాయన. "దినామూ అదే భయం సార్."

కానిస్టేబులు కోసం కబురు పెట్టారు. అతను పది రోజుల కింద చలిజ్వరానికి మా దగ్గరే మందు తీసుకుని లేచినవాడు. లోపలికి వస్తూనే బూట్లు టకీమని కొట్టి, అయిదో నంబరు మంచం వైపు తిరిగి సెల్యూటు కొట్టాడు.

"నమస్తే డాక్టరు సార్! దొంగ డాక్టరెవరో దొరికినాడంట, యాడుండాడు సార్?"

ఇక నేను నిలబడలేకపోయాను. స్టవ్వు దగ్గరికి పరిగెత్తి, తలుపేసుకుని, కింద కూర్చుని నవ్వాను. నవ్వి నవ్వి ఎక్కిళ్ళు వచ్చాయి. చివర్లో కొంచెం ఏడ్చాను కూడా.

ఊరంతా ఆసుపత్రి ముందు చేరింది. కోపంతో ఒకరిద్దరు అరిచారు. ఎక్కువమంది మాత్రం దొంగ డాక్టరును పట్టిచ్చినందుకు మా మీదే కోప్పడ్డారు. అవ్వ కుంటుకుంటూ వచ్చి ఆయన తల నిమిరి, "పోయి రా నాయనా. గొర్రెల్ని మేపుకునేదానికి వస్తావంటే మా ఇంటికి రా" అంది. కానిస్టేబులు ఆయన్ని సైకిలు వెనక కూర్చోబెట్టుకుని తొక్కుకుంటూ పోయాడు. ఆయన మా వైపు తిరిగి దండం పెట్టబోతే సైకిలు తూలింది.

మేజిస్ట్రేటు ఆయనకు కొద్ది వారాలు శిక్ష వేశాడు. పెద్దడాక్టరు పంపించిన కాగితంలో ప్రాణహాని జరగలేదనీ, కష్టమైన కేసులన్నీ వెంటనే పెద్దాసుపత్రికి పంపించాడనీ రాసి ఉందని తర్వాత విన్నాం. నాకూ చాచాకూ సంజాయిషీ అడుగుతూ మెమో వచ్చింది. ఆ జవాబు రాయడానికి మాకు మూడు రోజులు పట్టింది. "చదవలేకపోయానని రాయొద్దు బేటీ, వెలుతురు సాలలేదని రాయి" అన్నాడు చాచా. అలాగే రాశాను. నా సంగతి నేనేం రాయాలో తెలియక, రోగుల విషయంలో నా అభిప్రాయం అడిగినందువల్ల ఆయన డాక్టరే అని నమ్మానని రాశాను. అది చదివి పెద్దడాక్టరు ఇంకా ఎంత నవ్వాడో మరి, ఇద్దరినీ ఒక హెచ్చరికతో వదిలేశాడు. పదిహేను రోజుల్లో నిజమైన డాక్టరును కూడా పంపించాడు. కుర్రవాడు, బాగా చదువుకున్నవాడు. అడుగు లోపల పెట్టనివ్వకుండా చాచా ఆయన ఉత్తర్వు కాగితాన్ని మూడుసార్లు చదివి, ముద్రను గోటితో గీకి చూశాడు.

శిక్ష అయిపోయాక మా పాత డాక్టరు ఒకసారి వచ్చాడు. ఆసుపత్రిలోకి రాలేదు. బస్టాండులో ఉన్నానని కబురు పంపితే నేను, చాచా, అక్క ముగ్గురం వెళ్ళాం. మామూలు పంచె, చొక్కా. మనిషి కొంచెం చిక్కాడు. చాచా టీ ఇప్పించాడు.

"మీకు చెడ్డపేరు తెచ్చినా" అన్నాడాయన నా వైపు చూడకుండా. "తప్పు సేసినా సిస్టర్."

"తప్పే" అన్నాను. "నేను చెప్పిన రోగాలన్నీ సరైనవేనా అని ఇప్పటికీ నాకు భయంగా ఉండాది. మీరొక్కసారన్నా కాదనకపోతిరి."

"నాకేం తెలుసు కాదనేదానికి?" అన్నాడు. చాచా టీ గ్లాసులోకే బుస్సున నవ్వాడు. మళ్ళీ నలుగురం మొదలుపెట్టాం. బస్టాండులో జనం మమ్మల్ని చూసి ఎందుకో తెలియకపోయినా వాళ్ళూ నవ్వారు.

బళ్ళారిలో కొత్త కంపెనీ పెడుతున్నారట, అక్కడికి పోతున్నానన్నాడు. ఏం వేషమని అక్క అడిగింది. ఏదైనా సరే, డాక్టరు మాత్రం వెయ్యనన్నాడు. బస్సు వచ్చింది. కిటికీ పక్కన చోటు దొరికింది ఆయనకు. బస్సు కదిలేదాకా చాచా ఆ కిటికీ కమ్మీ పట్టుకుని, మధ్యలో ఏ ఊళ్ళోనూ దిగొద్దని, నేరుగా పొమ్మని, దారిలో ఏమన్నా తినమని చెబుతూనే ఉన్నాడు.